గ్లాసులోని నీరు ఏల పైకెక్కును?

క్రొవ్వొత్తిని నీటిపళ్లెములో నిలిపి, వెలిగించి, దానిపై గాజుగ్లాసును బోర్లించు ప్రయోగమును ఎరుగని విద్యార్థి హైస్కూలులో నుండుట అరుదు. కొంతసేపటికి దీపము ఆరును. పళ్లెములోని నీరు గ్లాసులోనికి ఎక్కును. ఇట్లేల జరిగినదని యడిగినచో తరగతి యంతయు ఏకకంఠముగా నిచ్చు సమాధానము ఒకటి గలదు: "గ్లాసులోని ఆమ్లజని యంతయు ఖర్చయిపోయినది, గాలిలో ఆమ్లజని అయిదవ వంతు గనుక, ఆ ఖాళీని నింపుటకు నీరు అయిదవ వంతు ఎక్కినది." ఈ సమాధానము పెక్కు పుస్తకములలో అచ్చయినది. పరీక్షలలో దీనికి మార్కులును వచ్చినవి. వినుటకు ఇంపుగా నున్నది. లెక్కయు కుదిరినట్లే తోచును. అయినను ఇది సరియైన సమాధానము కాదు.

ఈ విషయమున మా మాటను నమ్మవలసిన పని లేదు. వంటయింటను, అంగడిలోను దొరకు వస్తువులతో విద్యార్థులే దీనిని పరీక్షించి తేల్చుకొనవచ్చును. ఎట్లు పరీక్షింపవలెనో, ఎచ్చట దృష్టి నిలుపవలెనో తెలుపుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇది పిల్లల యాట వలె కనబడినను, దీపము ఏల ఆరునో తెలియుట ప్రాణములను కాపాడు సందర్భములు మన గ్రామములలోనే కలవు. వానిని గూర్చి తరువాత చెప్పెదము.

ఈ ప్రయోగము మిక్కిలి పురాతనమైనది. సుమారు 2,200 సంవత్సరములకు పూర్వము గ్రీకు శిల్పశాస్త్రజ్ఞుడగు బైజాంటియము వాసి ఫిలో దీనిని వర్ణించెను. మంట గాలిలో కొంత భాగమును తనలో కలుపుకొని పాత్రనుండి వెలుపలికి పోవునని యతడు తలచెను. 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు లవోషియే దొర గాలి ఒకే పదార్థము కాదనియు, అందొక భాగము మాత్రమే మండుటకు తోడ్పడుననియు స్థాపించి, ఆ భాగమునకు ఆమ్లజని యను నర్థము వచ్చు పేరిడెను. నేటి లెక్క ప్రకారము ఎండుగాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ఆమ్లజని కలవు. కమ్మరి కుమారుడై, పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్చి, పిమ్మట మహాశాస్త్రజ్ఞుడైన మైకేల్ ఫారడే 1860-61 సంవత్సరముల క్రిస్మసు సెలవులలో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు బాలబాలికల కొరకు ఆరు ఉపన్యాసములు ఒక్క క్రొవ్వొత్తిని గూర్చియే యిచ్చెను. ఒక్క క్రొవ్వొత్తిలో అంత విషయము గలదు!

ఇక సామగ్రి. నిలువుగోడలు గల గాజుగ్లాసు కావలెను. అడుగు సన్నగిల్లి అంచు వెడల్పైన గ్లాసు కొలతకు పనికిరాదు. అందు నీరు ఎత్తులో అయిదవ వంతు ఎక్కినను పరిమాణములో అయిదవ వంతు కానేరదు. గ్లాసు ప్రక్కన ఒక కాగితపు పట్టీ నతికించి, దానిని పది సమభాగములు చేసి గీతలు గీయవలెను. లోతైన పళ్లెము, కొంచెము బంకమన్ను, పుట్టినరోజు పండుగలకు వాడు సన్నని క్రొవ్వొత్తులు మూడు, రెండు నాణెములు చాలును. నీరు చక్కగా కనబడుటకు చిటికెడు కుంకుమ కలుపవచ్చును. చిన్న తరగతులవారు పెద్దల యెదుటనే చేయవలెను. బాలికలు జడను, వోణీ కొంగును వెనుకకు కట్టుకొనవలెను. గ్లాసు వేడెక్కియుండును గనుక గుడ్డతో పట్టుకొనవలెను.

బంకమన్నులో ఒక క్రొవ్వొత్తిని నాటి, పళ్లెమున నీరు పోసి, వెలిగించి, గ్లాసును బోర్లింపుడు. గ్లాసు అంచు పళ్లెమునకు అతుక్కొనక నీరు లోనికి పోవుటకై అంచు క్రింద నాణెములను ఉంచుడు. ఇప్పుడు దీపమును చూడక నీటిమట్టమునే చూడవలెను. సాధారణముగా అందరి కన్నులును మంటమీదనే యుండును; అందువలననే అసలు సంగతి ఇంతకాలము అనేకులకు కనబడలేదు. మంట మండుచున్నంతసేపు నీరు ఎక్కుట చాల స్వల్పము. ఒక్కొక్కప్పుడు మొదట గ్లాసు అంచునుండి గాలిబుడగలు వెలుపలికి వచ్చుట కూడ కనబడును. దీపము ఆరిన క్షణమునుండి నీరు గబగబ ఎక్కును. ఆమ్లజని ఖర్చగుటయే కారణమైనచో, మంట మండుచున్నంతసేపు నీరు మెల్లమెల్లగా ఎక్కుచుండవలెను. దీపము ఆరిన వెంటనే ఆగిపోవలెను. జరిగినది దానికి సరిగా విపరీతము.

ఇప్పుడు అదే గ్లాసు, అదే పళ్లెము తీసికొని, ఒక క్రొవ్వొత్తికి బదులు మూడింటిని నాటి చూడుడు. గ్లాసు మారలేదు గనుక లోనుండు ఆమ్లజనియు మారలేదు. ఆమ్లజనియే కారణమైనచో మూడు క్రొవ్వొత్తులు దానిని త్వరగా ఖర్చు చేయునేగాని, నీరు మాత్రము మునుపటి గీతవరకే రావలెను. కాని నీరు మునుపటికంటె స్పష్టముగా ఎత్తునకు వచ్చును. గ్లాసును బోర్లించుటకు ముందు మంటపైన కొన్ని క్షణములు పట్టి దింపినచో ఇంకను హెచ్చుగా ఎక్కును.

మూడవ పరీక్షకు మంటయే అక్కరలేదు. గ్లాసులో వేడినీరు పోసి, అది బాగుగా వేడెక్కిన పిమ్మట నీటిని పారబోసి, వెంటనే పళ్లెములో బోర్లింపుడు. (మిక్కిలి మరిగిన నీరు పోసినచో పలుచని గాజు పగులును, చేయి కాలునంత వేడి చాలును.) మండినది ఏదియు లేకున్నను నీరు లోనికి ఎక్కును!

కావున కారణము వేడిమి. గ్లాసును బోర్లించునప్పటికే మంటచుట్టు గాలి వేడెక్కి వ్యాకోచించి, కొంత వెలుపలికి పోయినది. దీపము ఆరగానే మిగిలిన గాలి చల్లబడి సంకోచించును. లోపలి పీడనము తగ్గును. వెలుపలి వాతావరణపు పీడనము పళ్లెములోని నీటిని లోనికి నెట్టును. నీటిని లోనికి పీల్చు ఖాళీ యేదియు లేదు, నెట్టునది బయటి గాలియే.

మరి "అయిదవ వంతు" లెక్క ఎట్లు కుదిరినది? ఇచ్చటనే చిక్కంతయు గలదు. గ్లాసులోని గాలి సగటున 100 డిగ్రీల సెల్సియసునకు వేడెక్కి, తిరిగి మన యెండ దేశపు 30 డిగ్రీలకు చల్లబడినదనుకొందము. పరమ ఉష్ణమానములో ఇవి 373, 303 అగును. 373 పాళ్ల గాలి 303 పాళ్లకు దిగును. అనగా నూరు పాళ్లు సుమారు 81 పాళ్లగును. తగ్గినది 19 పాళ్లు. ఇది అయిదవ వంతునకు ఎంత సమీపమో చూడుడు! ఇది కేవలము కాకతాళీయము. మంట కొంచెము పెద్దదైనను, గ్లాసు కొంచెము చిన్నదైనను ఈ సంఖ్య మారిపోవును. రెండు వేర్వేరు కారణములు ఒకే సంఖ్య నిచ్చినప్పుడు, సంఖ్యను చూచి కారణమును నిశ్చయించుట ఎంత ప్రమాదకరమో పైతరగతుల విద్యార్థులు గమనింతురుగాక.

ఆమ్లజని కొంత ఖర్చగుట నిజమే. కాని ఖర్చయిన చోటు ఊరక ఖాళీగా నుండదు. మైనము మండునప్పుడు బొగ్గుపులుసు వాయువును, నీటియావిరియు పుట్టును. మైనపు అణువొకదానిలో 25 కర్బన పరమాణువులు, 52 ఉదజని పరమాణువులు ఉన్నవనుకొన్నచో, అది పూర్తిగా మండుటకు ఆమ్లజని అణువులు 38 కావలెను. బొగ్గుపులుసు వాయువు అణువులు 25 పుట్టును. నీటియావిరి చల్లబడి గ్లాసు గోడలపై చెమ్మగా పట్టును. అనగా 38 పాళ్లు పోయిన చోట 25 పాళ్లు తిరిగి వచ్చుచున్నవి. ఆ వాయువు నీటిలో కరుగునుగాని, మెల్లగా కరుగును; కొన్ని క్షణములలో నీటిని పైకి తేగలంతగా కరుగదు.

ఆ వాయువు నిజముగా పుట్టినదా? దీనిని తాంబూలపు సున్నము చెప్పును. ఒక సీసా నీటిలో రెండు చెంచాల తడిసున్నము కలిపి, మూత బిగించి కుదిపి, రాత్రియంతయు కదలింపక ఉంచి, పైకి తేరిన తేటను మెల్లగా మరియొక సీసాలోనికి వంచుకొనవలెను. దీనికి ఎల్లప్పుడు మూత ఉండవలెను. సున్నము కంటిలో పడరాదు. క్రొవ్వొత్తి ఆరిన గ్లాసునకు నీటిలోనే ఒక పలుచని పళ్లెమును మూతగా పట్టి, పైకెత్తి, నిలువుగా త్రిప్పి, లోనికి వచ్చిన నీటిని మూత కొంచెము వాల్చి వంపివేసి, రెండు చెంచాల సున్నపుతేట పోసి మూసి కుదిపినచో తేట పాలవలె తెల్లబడును. ఊరక గాలి గల గ్లాసులో ఇట్లే చేసిన తెల్లబడదు. ఈ పరీక్షకు పళ్లెపు నీటిలో పసుపు కలిపియుండరాదు. పసుపునకు సున్నము తగిలి పారాణివలె ఎఱ్ఱబారి తెలుపును కప్పివేయును. (అదియు ఒక మంచి ప్రయోగమే గాని, నేటి దానికి అడ్డు.)

అట్లయిన గాలిలో ఆమ్లజని అయిదవ వంతని చూపుటకు ఇంటిలో మార్గము లేదా? కలదు, కాని దానికి నిప్పుగాక ఓర్పు కావలెను. ఇనుము త్రుప్పు పట్టునప్పుడు ఆమ్లజనిని గ్రహించును. వాయువు నేదియు తిరిగి విడువదు. వేడియు చెప్పుకొనదగినంత పుట్టదు. లేతు మిషను దుకాణమునుండి గాని, కమ్మరికొలిమినుండి గాని పిడికెడు ఇనుపరజను తెచ్చి, సబ్బునీటితో నూనెజిడ్డు పోవునట్లు కడిగి, కొంచెము ఉప్పునీటితో తడిపి, పలుచని గుడ్డలో వదులుగా మూటగట్టవలెను. పాత్రలు తోము పీచులలో చాలభాగము త్రుప్పుపట్టని ఉక్కుతో చేసినవి గనుక అవి పనికిరావు. ఒక రాత్రి తడిపియుంచిన యెడల ఏది త్రుప్పు పట్టునో తెలిసిపోవును. బంకమన్నులో నిలిపిన పుల్లకొనకు మూటను కట్టి, పళ్లెమున నీరు పోసి, గ్లాసును బోర్లించి మూడునాలుగు దినములు కదలింపకుండ ఉంచుడు. నీరు మెల్లమెల్లగా పైకి వచ్చి, అయిదవ వంతు సమీపమున ఆగును. మరి పది దినములుంచినను అంతకు మించి చెప్పుకొనదగినంత ఎక్కదు. మిగిలిన వాయువును పళ్లెపు మూతతో పైకెత్తి, లోనికి వెలుగుచున్న పుల్లను దింపినచో అది తటాలున ఆరిపోవును.

ఇందు ఒక జాగ్రత్త. మధ్యాహ్నపు వేడికిని తెల్లవారుజాము చల్లదనమునకును గాలి పెరిగి తరుగుచుండును. 3 డిగ్రీల భేదమునకు నూటికి ఒక పాలు మారును. అందుచేత ప్రతిదినము ఒకే వేళకు గీత చూడవలెను. ప్రక్కనే ఇనుము లేని మరియొక గ్లాసును అట్లే బోర్లించి సాక్షిగా ఉంచవలెను. సాక్షిగ్లాసులో నీరు ఎంత కదలినదో దానిని లెక్కనుండి తీసివేయవలెను. మా అనుభవములో విద్యార్థులు ఎక్కువగా విడిచిపెట్టునది ఈ సాక్షిగ్లాసునే. అది లేని ప్రయోగమును మేము ప్రయోగముగా పరిగణింపము.

ఇప్పుడు రెంటిని కలిపినచో విషయము పూర్తిగా తేలిపోవును. ఇనుపరజను మూటను, క్రొవ్వొత్తిని ఒకే గ్లాసు క్రింద, మూటకు మంట తగులకుండ, ఉంచుడు. క్రొవ్వొత్తి ఆరును; నీరు కొంత ఎక్కును. అంతయు చల్లబడిన పిమ్మట గీత గుర్తించి, మూడు దినములు ఆగుడు. నీరు ఇంకను ఎక్కును! ఆమ్లజని యంతయు క్రొవ్వొత్తియే తినివేసినచో ఇనుమునకు మిగిలినదెక్కడిది? నిజమేమనగా, గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్లనుండి సుమారు 16 పాళ్లకు దిగగానే మామూలు క్రొవ్వొత్తి మంట నిలువలేదు. ఆమ్లజనిలో నాలుగింట మూడువంతులు మిగిలియుండగానే దీపము ఆరుచున్నది.

ఈ 16 అను సంఖ్య మన ఊపిరిలోను కనబడును. మనము పీల్చిన గాలిలోని ఆమ్లజని యంతయు మన రక్తములోనికి పోదు. విడుచు గాలిలో నూటికి సుమారు 16 పాళ్లు ఆమ్లజనియు, 4 పాళ్లు బొగ్గుపులుసు వాయువును ఉండును. నీటితో నిండిన సీసాను తొట్టిలో బోర్లించి, బొప్పాయి ఆకుకాడను గాని, పానీయము త్రాగు గొట్టమును గాని లోనికి దూర్చి ఊదుచు, సీసాను ఊపిరితో నింపి, వెలుగుచున్న పుల్లను అందులోనికి దింపి చూడుడు. దీపము ఆరును. అయినను ఊపిరి ఆగినవాని నోటిలోనికి మనము ఊదు గాలి ఇదియే. అది వానిని బ్రతికింపగలదు.

ఇక మొదట చెప్పుదుమన్న మాట. పాడుబడిన బావిలో దిగినవాడు పడిపోవుట, వానిని రక్షింప దిగిన రెండవవాడును, మూడవవాడును అట్లే పడిపోవుట మన జిల్లాలలో వినని వార్త కాదు. రాయలసీమ, పల్నాడు మొదలగు చోట్ల జొన్నలను భూమిలో దాచు పాతరలలోను ఇట్టి ప్రమాదమే గలదు; గింజలు కూడ శ్వాసించి ఆమ్లజనిని తీసికొని బొగ్గుపులుసు వాయువును విడుచును. బావిలో దిగుటకు ముందు పెద్దలు త్రాడుకు దీపము కట్టి దింపి చూచెడి యాచారము ఎంత యుక్తమైనదో ఇప్పుడు తెలిసినది: మనుష్యుడు స్పృహ తప్పుటకు ముందే దీపము ఆరును. దీపము ఆరిన చోట దిగరాదు. కాని దీపము వెలుగుచున్నది గనుక భయము లేదనుట మాత్రము తప్పు. మురుగునుండి పుట్టు విషవాయువులును, బావిలోనికి దింపిన ఇంజను పొగలోని విషవాయువును దీపమును ఆర్పకుండగనే మనుష్యుని చంపగలవు. మురుగుగుంతలలో మండు వాయువు కూడ ఉండును గనుక అచ్చట దీపము దింపుట ప్రేలుడునకు దారితీయును. అట్టిచోట్ల లోనికి ఎవరును దిగక, పైనుండియే అగ్నిమాపక శాఖవారిని పిలువవలెను.

బొగ్గుపులుసు వాయువు గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. ఇదియే బావి అడుగున నిలుచుటకు కారణము. దీనిని చూచుటకు లోతైన గిన్నెలో రెండు చెంచాల వంటసోడా వేసి, రెండు నిమ్మకాయల రసము పిండి, నురుగు అణగువరకు ఆగుడు. కంటికేమియు కనబడదు. వెలుగుచున్న పుల్లను మెల్లగా దింపుడు. గిన్నె అంచు దాటి కొంత దిగగానే, నీటిలో ముంచినట్లు ఆరును. గిన్నెను వంచి, అందలి ద్రవము చిందకుండ, ఆ కనబడని వాయువును మాత్రమే మరియొక క్రొవ్వొత్తిపై పోయవచ్చును. చిన్నపిల్లలకు దీనికంటె ఆశ్చర్యము కలిగించు ప్రయోగము మరియొకటి మాకు తెలియదు.

చివరగా, రెండు గ్లాసుల పనితో కూడిన ఒక సమస్యను విద్యార్థులకు అప్పగించుచున్నాము. పొట్టిది, నడిమిది, పొడుగుది యగు మూడు క్రొవ్వొత్తులను వెడల్పైన గాజుపాత్రలో నిలిపి, అడుగున వంటసోడా చల్లి, ఒక ప్రక్కనుండి నిమ్మరసమును మెల్లగా పోయుడు. ఏది ముందు ఆరునో చూచి వ్రాసికొనుడు. పిమ్మట సోడా ఏమియు లేక, అదే విధముగా మూడు క్రొవ్వొత్తులను వెలిగించి, పెద్ద గాజుపాత్రను వానిపై బోర్లింపుడు. మొదటి దానిలో పొట్టిది ముందుగా ఆరును. రెండవ దానిలో సాధారణముగా పొడుగుది ముందుగా ఆరును. రెండింటను దీపమును ఆర్పుటకు తోడైనది బొగ్గుపులుసు వాయువే. కాని నిమ్మరసమునుండి పుట్టినది చల్లనిది గనుక అడుగున చేరును; మంటనుండి పుట్టినది వేడిది గనుక ముందు పైకెక్కి, పైనుండి క్రిందికి నిండుచు వచ్చును. ఇల్లు అంటుకొన్నప్పుడు పొగనిండిన గదినుండి నేలకు వంగి ప్రాకుచు బయటికి రమ్మని చెప్పుటకును, బావిలో వంగరాదని చెప్పుటకును గల భేదము ఈ మూడు క్రొవ్వొత్తులలోనే గలదు.